నల్లసిరా లేని కాపీ

ఆయన లిఫ్టులు బాగుచేసే మనిషి. ఏ అంతస్తుల మధ్య ఇరుక్కున్నా జనాన్ని భద్రంగా కిందికి దించుతాడు. మాటలు తూచి తూచి వాడతాడని తోటి పనివాళ్ళు 'సైలెన్సర్' అని పేరు పెట్టారు. ఆయన కోపం తెచ్చుకోలేదు. అసలు ఏదీ తెచ్చుకోడు.

నాలుగేళ్ళ వయసులో తల్లి ఆయన్ని ప్రభుత్వ పిల్లల హోంలో అప్పజెప్పి వెళ్ళింది. ఆవిడ పేరేమిటో, ఎక్కడుంటుందో అంతా ఆయన కేసు ఫైల్లో ఉంది. ఆవిణ్ణి ఒక్కసారి చూడాలి. నిష్ఠూరాలాడ్డానికి కాదు, ఊరికే ఎదురుగా కూర్చోవాలి. యాభై దాటాక పుట్టిన కోరిక, పుట్టాక మరి వదల్లేదు.

ఫైలు కాపీ కోసం హోం ఆఫీసులో దరఖాస్తు పెట్టాడు. ఇక చూసుకోండి! కింది కిటికీ వాళ్ళు పైకి పొమ్మన్నారు. పైనేమో అయ్యగారు సెలవులో ఉన్నారన్నారు. అక్కడి లిఫ్టు పనిచేయకపోతే చేతులు ఊరుకోక ఓ రోజు ఆయనే బాగుచేసి పెట్టాడు. లిఫ్టు కదిలింది గానీ ఫైలు కదల్లేదు. ఆయన ఫైలు ఆయనకివ్వడానికి వాళ్ళ సొమ్మేం పోయిందో నాకైతే అర్థం కాదు.

కాళ్ళరిగేలా తిరగ్గా ఓ కాపీ చేతికొచ్చింది. పేజీల నిండా నల్లసిరా పూత. ఆ ఆఫీసు పద్ధతి అంతే: ఫైల్లో ఇంకో మనిషి సంగతి ఉంటే, ఆ మనిషి ఒప్పుకునేదాకా కప్పేస్తారు. తల్లికి ఉత్తరం రాశామనీ, జవాబొస్తే కబురు చేస్తామనీ అన్నారు. ఆ తర్వాత ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"జవాబు రాలేదంటే ఆవిడకి ఇష్టం లేదనేగా. ఇక వదిలెయ్యండి" అంది భార్య.

ఆయనా అదే అనుకున్నాడు. అనుకున్నా నొప్పి తెలియలేదు, తిమ్మిరెక్కిన కాల్లాగా. అయినా సెలవు దొరికినప్పుడల్లా వెళ్ళి ఆ ఆఫీసు బల్ల మీద కూర్చుని వస్తూనే ఉన్నాడు.

రెండేళ్ళు గడిచాక ఓ రోజు గుమాస్తాయే పిలిచి, నవ్వుతూ కొత్త కాపీ చేతిలో పెట్టాడు. ఈసారి చుక్క సిరా పూత లేదు. తల్లి పేరుంది. ఇంటి నంబరుంది. సిటీ బస్సులో వెళ్ళొచ్చు.

"ఒప్పుకుందా?" అని అడిగాడు.

"పోయినవాళ్ళు ఒప్పుకోనక్కర్లేదు సార్. మొన్న చలికాలంలో పోయారంట. అందుకే పూత తీసేశాం."

ఆయన తలూపి పేజీలు తిప్పాడు. చివర్లో వంకర అక్షరాల ఉత్తరం ఉంది. దాని మీద ఆఫీసు ముద్ర రెండేళ్ళ నాటిది, నల్లసిరా కాపీ ఇచ్చిన నెలదే. ఇదేమిటని అడిగితే, జవాబు పక్క సెక్షనుకి వెళ్ళిందనీ, తమ దాకా రాలేదనీ గుమాస్తా గొణిగాడు. ఆయన అందినట్టు సంతకం చేసి బయటికొచ్చాడు.

ఇంటికెళ్ళాక ఏమైందని భార్య అడిగింది.

"జవాబు రాసింది. మధ్యాహ్నాలు ఇంట్లోనే ఉంటాను, ఎప్పుడైనా రమ్మనండి, అని."

భార్య చేతిలో గిన్నె కింద పెట్టి ఏడ్చింది. ఆయనకి ఏడుపు రాలేదు. మర్నాడు పనికి సెలవు పెట్టి, మధ్యాహ్నం ఆ అడ్రసుకి వెళ్ళి, తాళం వేసి ఉన్న తలుపు తట్టాడు.