గోల్ కింద మనుషులు

కౌడెన్‌షా టౌన్ ఫుట్‌బాల్ క్లబ్బు గురించి చెప్పమంటే ఆ ఊళ్ళో ఎవరైనా పెనాల్టీ దగ్గర మొదలుపెడతారు. విన్నీ ఎంట్విజిల్ మాత్రం టీ దగ్గర మొదలుపెట్టేది. మైదానం గేటు పక్కనున్న రేకుల టీ బడ్డీలోకి ఆమె పదిహేడో ఏట అడుగుపెట్టింది. శనివారం మధ్యాహ్నం నూలు మిల్లు కూత వేయగానే జనం ఇళ్ళకు పోకుండా, జుట్టులో దూది పోగులతో, తిన్నగా మైదానం ఉన్న గ్యాస్‌వర్క్స్ లేన్‌కి వచ్చిపడేవాళ్ళు. ఆడేవాళ్ళూ వాళ్ళలో వాళ్ళే. వారమంతా వేరే పని, శనివారం ఆట, ఆటకి చేతిలో పెట్టే కాస్త చిల్లర. ఎడమ పక్కన పరిగెత్తేవాడు మాంసం కొట్టు మనిషి. నడుమ అడ్డుగా నిలబడేవాడు శ్మశానంలో గోతులు తవ్వేవాడు. తనని దాటిపోయినవాణ్ణి సోమవారం పూడ్చిపెడతాడని ఊళ్ళో వేళాకోళం. గోల్‌కీపర్ క్లెమ్ మిల్లులో మగ్గాలు బాగుచేసేవాడు.

ఒకరోజు ఆట అయ్యాక క్లెమ్ మోచేతుల దాకా బురదతో బడ్డీ కిటికీ దగ్గరకు వచ్చాడు.

"ఆ చేతులతో నా కప్పు ముట్టుకున్నావంటే ఊరుకోను," అంది విన్నీ.

"అయితే నువ్వే తాగించు."

"మూడు గోల్స్ వదిలేసినోడికి టీ కూడానా?"

"చేతుల్లోకి ఎలాగూ ఏమీ రాలేదు. నోట్లోకైనా రానీ."

ఆమె తాగించింది. మరుసటి ఏడు ఊరి చిన్న చర్చి, చాపెల్‌లో పెళ్ళయింది.

పెనాల్టీ ఆ చలికాలంలోనే. కప్ పోటీలో పెద్ద నగరం జట్టుతో, వాళ్ళ గడ్డ మీద, వాళ్ళ జనం మధ్య ఆట. రెండు పక్కలా గోల్ లేదు. ఆఖర్లో వాళ్ళకి పెనాల్టీ దొరికింది. క్లెమ్ ఆపాడు. ఊరు ఊరంతా ఆ రాత్రి వీధిలోనే ఉంది. నిజం చెప్పాలంటే అతను తప్పు పక్కకి దూకాడు, బంతి వెనకబడిపోయిన కాలికి తగిలి బయటికి పోయింది. క్లెమ్ ఈ మాట అడిగినవాళ్ళందరికీ చెప్పాడు. ఒక్కడూ నమ్మలేదు. ఊరికి వీరుడు కావలసి వచ్చినప్పుడు వీరుడి మాట ఎవడు వింటాడు? తేలని ఆటని మళ్ళీ ఆడటానికి తర్వాతి బుధవారం అదే జట్టు కౌడెన్‌షాకి వచ్చి ఏడు గోల్స్ కొట్టిపోయింది. ఆ బుధవారం సంగతి ఎత్తితే మాత్రం ఊళ్ళో అందరికీ మతిమరుపు.

ఆ ఒక్క పెనాల్టీ మీదే క్లబ్బు నలభై ఏళ్ళు బతికింది. మిల్లు మూతపడింది. కుర్రాళ్ళు పనుల కోసం నగరానికి పోయి అక్కడి జట్లకే ఈలలు వేయడం నేర్చుకున్నారు. ఆట చూసే చెక్క మెట్ల మీద ఒకప్పుడు భుజాలు రాసుకుంటూ నిలబడ్డచోట ఇప్పుడు మనిషికీ మనిషికీ మధ్య గొడుగు విప్పుకునేంత ఖాళీ. క్లెమ్ ఊపిరితిత్తుల్లో మిల్లు దూది ఉండిపోయింది. మెట్లెక్కడం మానేశాడు, తర్వాత మంచం దిగడం మానేశాడు.

"నన్ను చాపెల్ వెనకాల శ్మశానంలో పెట్టకు," అన్నాడు చివర్లో. "గోల్‌లో పెట్టు. అక్కడైతే వానలో పడుండటం నాకు అలవాటే."

అప్పటికి ఆ ఊళ్ళో పూడ్చడం తగ్గి, పోయినవాళ్ళను దహనం చేసి బూడిద చేతికిస్తున్నారు. మార్చిలో ఒక శనివారం ఉదయం విన్నీ, మైదానం చూసుకునే సెత్ కలిసి కాలువ వైపు గోల్‌లో, కుడి స్తంభం పక్కన, గడ్డి పెళ్ళ లేపి, పార పట్టేంత లోతున ఆ బూడిద పోసి, మళ్ళీ పెళ్ళ కప్పేశారు. సెత్ బూటుతో మెల్లగా అదిమి టోపీ తీశాడు. మధ్యాహ్నం ఆట జరిగింది. ఆ గోల్‌లోకి ఒక్క బంతీ పోలేదు. ఇంక చెప్పాలా, ఊరంతా అది క్లెమ్ చలవే అంది.

అక్కణ్ణించి అదే ఆచారమైపోయింది. క్లబ్బు పెద్దాయనో పెద్దావిడో పోతే వాళ్ళ పిల్లలు బూడిద తెచ్చి టీ బడ్డీ దగ్గర నిలబడేవాళ్ళు. ఎవర్ని అడగాలో వాళ్ళకి తెలియదు కాబట్టి విన్నీనే అడిగేవాళ్ళు. "మా క్లెమ్ పక్కన పెట్టండి తల్లీ, తోడుంటుంది," అనేది ఆమె, వాళ్ళ చేతికి వేడి టీ ఇచ్చి. సెత్ మాట్లాడకుండా పార తెచ్చేవాడు. అతను ఎప్పుడూ మాట్లాడని మనిషే కాబట్టి ఎవరికీ వింతగా తోచలేదు.

ప్రతి శనివారం ఆట మొదలయ్యే ముందు విన్నీ కప్పుతో ఆ గోల్ దగ్గరకు నడిచేది. సగం తాను తాగి, సగం గీత మీద పోసేది. కొత్తగా వచ్చిన ఒక కీపర్ కుర్రాడు ఊరుకోలేక, "ఏంటవ్వా, నా కాళ్ళ కింద తడి చేస్తున్నావ్, జారిపడనా?" అన్నాడు.

"నువ్వు పొడి నేల మీద కూడా పడుతూనే ఉన్నావు కదా నాయనా. మా ఆయనకి పోస్తున్నా."

కుర్రాడు అడుగు పక్కకి వేశాడు. ఆ తర్వాత ఎప్పుడూ ఆ స్తంభం దగ్గర ఉమ్మలేదు.

మనిషి పోయాక కూడా ఇలా వారం వారం కలుసుకునే భాగ్యం ఎంతమందికి ఉంటుంది? ఆమెకి ఉండేది. పిల్లలు లేరు, చెల్లెలు దూరాన సముద్రం ఒడ్డు ఊళ్ళో ఉంది. ఆటలు ముగిసిన మే నెలలో విన్నీ చెల్లెలి దగ్గరికి వెళ్ళి, ఆగస్టులో మొదటి ఆటకి తిరిగొచ్చేది. మిగతా కాలమంతా ఆమెకి ఊరంటే మైదానం, మైదానమంటే ఆ గోల్.

ఇళ్ళ కప్పులు వేయించే డారెన్ హోల్డెన్ అధ్యక్షుడయ్యాక కొత్త మాట తెచ్చాడు. చెడ్డవాడు కాదు. చిన్నప్పుడు విన్నీ బడ్డీలో కప్పులు కడిగినవాడే. విన్నీతో సహా కమిటీ అంతా క్లబ్బు గదిలో కూర్చుంది.

"విన్నీ ఆంటీ, నవంబరు నుంచి ఒక్క శనివారం కూడా మనకి ఆట జరగలేదు. బురదలో బంతి కదలట్లా. జనానికి రావడం అలవాటు తప్పిపోతోంది. ప్లాస్టిక్ గడ్డి వేయకపోతే ఇంకో ఏడాది బతకం."

"మరి గోల్‌లో ఉన్నవాళ్ళ సంగతి?"

"ఆ మట్టి విడిగా తీయిస్తా. గేటు దగ్గర పూలమడి కట్టి అందులో పోయిస్తా. నా మాట నమ్ము."

చేతులెత్తమన్నారు. అటు సగం, ఇటు సగం. మిగిలింది విన్నీ చెయ్యి. అందరూ టేబుల్ వైపు చూస్తున్నారు గానీ ఆమె వైపు చూడటం లేదు. సెత్ కిటికీ దగ్గర నిలబడి ఏదో అనబోయి, ఊరుకున్నాడు. క్లబ్బు పోతే క్లెమ్ ఎవరి గోల్‌లో ఉన్నట్టు, అనుకుంది విన్నీ. చెయ్యి ఎత్తింది. ఎత్తిన చెయ్యి బరువుగా ఉందని ఆమె ఆ తర్వాత ఎన్నిసార్లో చెప్పింది.

సోమవారం తవ్వుతామన్నారు. వాతావరణం పొడిగా ఉందని తవ్వేవాళ్ళు శుక్రవారమే దిగారు. సోమవారం పొద్దున విన్నీ మంచి కోటు వేసుకుని, మడిలో నాటడానికి గులాబీ మొక్క పట్టుకుని వెళ్ళేసరికి మైదానం ఈ చివర నుంచి ఆ చివర దాకా నల్లటి గొయ్యి. గోల్ స్తంభాలు గోడకి ఆనించి ఉన్నాయి. మట్టి అంతా ఒకే కుప్ప, ఆ కుప్ప కూడా సగం అయిపోయింది. లారీలు ఊరవతల కొత్త రోడ్డు గట్టుకి మోస్తున్నాయి.

"గోల్ దగ్గరి మట్టి ఏది బాబూ?" అని అడిగింది లారీవాణ్ణి.

"ఏ గోల్ మట్టమ్మా? మట్టి మట్టే."

డారెన్ పరుగున వచ్చాడు, క్షమించమన్నాడు, వాళ్ళకి చెప్పానన్నాడు, మళ్ళీ క్షమించమన్నాడు.  విన్నీ గులాబీ మొక్కని ఇంటికి తీసుకుపోయి కుండీలోనే ఉంచింది. అది ఎండిపోయింది.

పోనీ క్లబ్బయినా బతికిందా? కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. రంగు వేసినట్టున్న ఆ పచ్చదనాన్ని చూడటానికి జనం రెండు శనివారాలు వచ్చారు. తర్వాత మళ్ళీ రాలేదు. అసలు రాకపోవడానికి కారణం బురద కాదని అప్పటికి గాని ఎవరికీ అర్థం కాలేదు. చేతిలో పెట్టే చిల్లర ఆగిపోయేసరికి ఆటగాళ్ళు ఒక్కొక్కరే పక్క ఊరి జట్లకి పోయారు. క్రిస్మస్ తర్వాత ఒక ఆటకి పదకొండు మంది దొరకలేదు. లీగ్‌లోంచి పేరు తీసేశారు. ప్లాస్టిక్ గడ్డి వేసిన కంపెనీయే బాకీ కింద మైదానాన్ని తీసుకుని, చుట్టూ ఎత్తు తీగ కంచె కట్టి, నగరం నుంచి కార్లలో వచ్చేవాళ్ళకి గంటల లెక్కన అద్దెకిచ్చింది. టీ బడ్డీ ఉన్నచోట కార్లు నిలుపుతున్నారు. వందేళ్ళ క్లబ్బు. పోయిన రోజున ఊళ్ళో ఒక్క కొట్టు కూడా మూయలేదు.

విన్నీకి శనివారాలు గడవడం లేదు. సెత్ వచ్చి ఆమె వంటింట్లో కూర్చునేవాడు. అతనికీ పోవడానికి చోటు లేదు. మూడు గంటలయ్యేసరికి ఇద్దరూ గడియారం చూసేవాళ్ళు. ఆమె మళ్ళీ అదే మాట అందుకునేది.

"నేనే చెయ్యెత్తాను సెత్. మా ఆయన్ని నా చేత్తో నేనే లారీ ఎక్కించాను."

"ఊరుకో విన్నీ."

"గట్టు కింద వేశారు. ఆయన మీద లారీలు పోతున్నాయి. రాత్రుళ్ళు అదే చప్పుడు నాకు."

చలికాలమంతా ఇదే. తిండి తగ్గిపోయింది, కోటులో మనిషి చిక్కిపోయింది. అది చూడలేక ఒక శనివారం సెత్ కప్పు పక్కన పెట్టాడు.

"నువ్వు ఎక్కించలేదు. లారీలో క్లెమ్ లేడు."

ఆమె అతనికేసి చూసింది.

"గోల్ ముందు నేల ఏడాది ఆటకి గుల్లయిపోద్ది. మే నెలలో అక్కడి మట్టి పారలోతు తీసేసి, కొత్త మట్టి పోసి విత్తనం చల్లాలి. ప్రతి ఏడూ చేసే పనే. ఆ ఏడు కూడా అలవాటుగా చేసుకుపోయాను. నువ్వు మీ చెల్లెలి దగ్గరున్నావ్. మూడో బండి తోసి వచ్చాక గుర్తొచ్చింది నాకు. అప్పటికే కాలువ గట్టున గుంటలో పోసేశాను, పైన వాన."

"ఆయన్ని పెట్టిన ఏడేనా?"

"అదే ఏడు."

"మరి మిగతావాళ్ళు?"

"వాళ్ళూ అంతే. చలికాలంలో పెట్టడం, మేలో పోవడం. వద్దని చెప్తే ఎందుకని అడుగుతావు. ఏం చెప్పను? ఆగస్టులో నువ్వు టీ పట్టుకుని వచ్చి నిలబడ్డావ్. ఈ వారం చెబుదాం, పై వారం చెబుదాం అనుకున్నాను. ఇరవై ఏళ్ళయింది." అతను టోపీ చేతుల్లో నలుపుతున్నాడు. "నీ తప్పు లేదని తెలిస్తే నీ మనసు తేలికపడుద్దనుకున్నా విన్నీ."

బూడిదలో పోసిన పన్నీరు అంటారు. విన్నీ పోసిన చోట ఆ బూడిద కూడా లేదు. ఇరవై ఏళ్ళు వానలో, మంచులో, ఆమె మాట్లాడింది విత్తనాల మూటలోంచి వచ్చిన కొత్త గడ్డితో. ఇన్నాళ్ళూ భర్తని పోగొట్టుకున్నాననే ఏడ్చింది. ఇప్పుడు ఆ శనివారాలు కూడా పోయాయి. అంతకన్నా ఘోరం మరొకటి మెల్లగా తట్టింది. తోడుంటుందని చెప్పి, వేడి టీ చేతిలో పెట్టి, ఊళ్ళో వాళ్ళందరినీ ఆ గుంటలోకి పంపింది తనే.

"వెళ్ళు సెత్," అంది. కోపంగా కాదు. అతను వెళ్ళాడు.

మరుసటి శనివారం ఆమె ఎవరికీ చెప్పకుండా మైదానం దాకా నడిచింది. లోపల ఎవరో తెలియని మగవాళ్ళు కేకలు వేస్తూ ఆడుతున్నారు. కాలువ వైపు కంచె దగ్గర చేతిలో పసుపు పూలతో ఒక నడివయసు ఆవిడ నిలబడి ఉంది. ఆమె బెథ్. వాళ్ళ నాన్న లెన్ చాలా ఏళ్ళు మైదానం గేటు దగ్గర నిలబడి టిక్కెట్లు చింపినవాడు. క్లెమ్ తర్వాత ఆ గోల్‌లోకి వెళ్ళిన మొదటి మనిషి.

"విన్నీ ఆంటీ, నువ్వొచ్చావా, బతికించావ్. స్తంభాలు జరిపేశారు. నాన్న ఎక్కడున్నాడో గుర్తుపట్టలేకపోతున్నా. మట్టి తవ్వేశారటగా, ఆయన ఇంకా ఇక్కడే ఉన్నాడంటావా?"

విన్నీ తీగ పట్టుకుంది. చల్లగా ఉంది. నిజం నాలుక చివర దాకా వచ్చింది. బెథ్ కళ్ళు ఆమె నోటి మీదే ఉన్నాయి. సెత్ ఇరవై ఏళ్ళు ఎలా నోరు మూసుకున్నాడో ఆ క్షణంలో ఆమెకి అర్థమైంది, అర్థమయ్యాక అతని మీద పెట్టుకోవడానికి కోపం కూడా మిగల్లేదు.

"అదిగో తల్లీ, ఆ తెల్లగీత పక్కన," అని తీగలోంచి వేలు చూపించింది. "లోతుగా పెట్టాం కదా, అంత లోతు వీళ్ళు తవ్వలేదు. మా క్లెమ్ పక్కనే ఉన్నాడు."

బెథ్ ఊపిరి వదిలింది. పూలు తీగ సందులో గుచ్చింది. లోపల ఎవడో గోల్ కొట్టాడు, బంతి వచ్చి కంచెకి తగిలి పూలు రాలాయి. ఆమె వంగి ఏరి మళ్ళీ గుచ్చింది.

"ఇకనుంచి ప్రతి శనివారం వస్తాను ఆంటీ. నువ్వు కూడా వస్తావుగా? ఆ టీ పోసేదానివి కదా, అది కూడా తీసుకురా. నాన్నకి అది చాలా ఇష్టం."

"తెస్తాను," అంది విన్నీ.