పిన్ని చెవిలోని పాత చిప్పు

ఆఫీసులో అందరూ అతన్ని "మైకు" అంటారు. యూనియన్ మీటింగులో ఒకసారి మైకు చేతికొస్తే కరెంటు పోవాలే తప్ప వదలడు. కాంట్రాక్టు పనివాళ్లని హాజరుపట్టీలో "ఇతరులు" అని రాస్తున్నారని తెలిసి, "మనిషికి పేరుండదా!" అంటూ బల్ల గుద్దాడు. బల్ల కాలు విరిగింది. సమస్య మాత్రం చెక్కు చెదరలేదు.

అలాంటివాడు రాసిన ప్రోగ్రాములోనూ "ఇతరులు" అనే గది ఒకటుంది.

అతని కంపెనీ చెవి మిషన్లకి సాఫ్ట్‌వేర్ చేస్తుంది. వాటిలో మూడు రకాల చిప్పులు. ఒకదానికి తెలిసిన ఆజ్ఞ ఇంకోదానికి తెలియదు. ప్రోగ్రాము ఒక్కసారి రాస్తే చాలు, దాన్ని ఏ చిప్పుకి ఆ చిప్పు ఆజ్ఞల్లోకి మార్చే పనిముట్టు ఒకటుంది. దాన్ని రాసిందీ, చూసుకునేదీ మన మైకే. మూడో చిప్పు పాతది, చవక మిషన్లలో ఉండేది. పాపం దానికి గుణకారం రాదు, కూడికలతోనే నెట్టుకొస్తుంది. దానికోసం విడిగా రాసిన భాగాన్ని ఆమధ్య శుభ్రం చేస్తున్నానంటూ ఊడ్చిపారేశాడు. రెండో చిప్పుకి ఇది తమ్ముడేగా, అన్న మాట తమ్ముడికి అర్థం కాదా అనుకుని "ఇతరులు" గదిలోకి తోసి, అన్న ఆజ్ఞలే పంపాడు. పరీక్ష కూడా చేశాడండోయ్, అన్న మీద! తమ్ముడికి జ్వరమొస్తే అన్నకి రక్తపరీక్ష చేయించినట్టు.

ఆ తమ్ముడు ఉన్నది సాక్షాత్తూ అతని పిన్ని చెవిలో.

పిన్ని ఒక క్రెష్‌లో ఆయా. కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కగానే ఆమె మిషను మూగబోయింది. పక్కగదిలో బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే, ఆమె ఇవతల తాపీగా దుప్పట్లు మడతపెడుతోంది. "సోమవారానికి చెవి బాగైతే రా, లేకపోతే వద్దు" అనేశారు క్రెష్ వాళ్లు.

"బీదవాళ్ల చెవులంటే ఈ కంపెనీలకి లెక్కలేదు పిన్నీ! ఇది చేసినవాణ్ణి..." అని మొదలెట్టాడు.

పిన్ని అతని పెదాలకేసి చూసింది. "ఏంట్రా నములుతున్నావు? మిషను తీసుకెళ్లి చూడు."

తీసుకెళ్లి చూశాడు. గుణించమన్న చోట చిప్పు కొయ్యబారిపోయింది. గుణించమన్న ఆ మహానుభావుడు ఎవరా అని వెతికితే, తనే. నినాదం గొంతులోనే చతికిలబడింది.

"వందలో ముగ్గురు వాడే చిప్పయ్యా అది," అన్నాడు మేనేజరు, చిప్పు ఆగిపోతోందన్న సంగతి విని. "జాబితాలోంచి కొట్టేద్దాం. చిప్పే లేకపోతే తప్పూ లేదు. నీకూ మంచిదేగా?"

మంచిదే. కాసేపు అతనికి పిన్ని కంటే ఆ మాటే దగ్గర చుట్టంలా తోచింది.

"తప్పు నాది సార్," అన్నాడు చివరికి. హాళ్లు దద్దరిల్లే గొంతు దోమ గొంతులా వచ్చింది.

"ఏంటీ?"

"నాదే. పాత భాగం నేనే పీకేశాను, నేనే పెడతాను. ఇకమీదట మూడు చిప్పులూ బల్లమీద ఉండాలి. దేని పరీక్ష దానికే. అవి నెగ్గందే విడుదల వద్దు."

"రికార్డులో తప్పు నీ పేరు మీదే రాస్తాను మరి."

"రాయండి. 'ఇతరులు' అని మాత్రం రాయకండి."

ఊడ్చిందంతా ఏరుకోవడానికి సెలవురోజులు హరించుకుపోయాయి. "ఇతరులు" గది ఎత్తేశాడు. తెలియని చిప్పు ఎదురైతే పనిముట్టు ఇక ఊహించదు, "నాకు తెలియదు" అని ఆగిపోతుంది. దాన్ని రాసినవాడికి ఆ విద్య ఇంకా పట్టుబడలేదు.

పిన్ని మిషను పెట్టుకుంది.

"వినిపిస్తోందా పిన్నీ?"

"నిన్ను విని ఏం చేసుకోనురా? పసివాళ్లు వినిపించాలి."

సోమవారం ఆఫీసు మానేసి క్రెష్ కిటికీ దగ్గర నిలబడ్డాడు. పిన్ని అటు తిరిగి పాలసీసాలు కడుగుతోంది. లోపలి గదిలో ఎవరో బుడతడు సన్నగా రాగం అందుకున్నాడు. పిన్ని సీసా కింద పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుంటూ లోపలికి పరుగెత్తింది. ఇతని ముఖం వెలిగిపోయింది.

వాచ్‌మన్‌కి అనుమానమొచ్చింది. "ఏడుస్తున్నది మీ పిల్లాడా బాబూ?"

"కాదు. పరుగెత్తింది మా పిన్ని."