చెరువు గట్టు బంగళాలో చంద్రక్క భోజనం

చంద్రక్క కూర్చోవాలి, ఎవరో పక్కన నిలబడి వడ్డించాలి, ఆమె కడుపునిండా తినాలి. ఈ ప్రయాణం పుట్టింది ఆ ఒక్క కోరికలోంచే. చంద్రక్క బెంగళూరులో మా మారతహళ్ళి లేడీస్ పీజీ హాస్టల్లో వంట చేస్తుంది. సొంతూరు కదిరి దగ్గర పల్లె. నేను రెండువేల మూడులో ఖమ్మం నుంచి వచ్చి ఇక్కడ చేరాను. ఆ ఏడాదే నాకు కామెర్లు వస్తే, ఓనరుకు తెలియకుండా ఇరవై రోజులు విడిగా పథ్యం వండిపెట్టింది. అడగందే అమ్మయినా పెట్టదంటారు గానీ ఈమె అడక్కుండానే పెట్టింది. అయితే ఈ మూడేళ్ళలో ఆమె తింటుండగా నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఎప్పుడడిగినా "నాదైపోయింది పాపా" అనేస్తుంది. ఇప్పుడు వాళ్ళాయనకు ఊరికి ఆ చివర చందాపురలో ఏదో ఫ్యాక్టరీలో వాచ్‌మన్ పని దొరికింది. వచ్చే వారమే కాపురం అక్కడికి మార్చేస్తున్నారు. ఇక ఆమెకు ఒక మంచి భోజనం పెట్టించాలంటే మిగిలింది ఈ వారమే.

నా రూమ్మేట్ సుజాత వాళ్ళ ఆఫీసు వాళ్ళు ఒకసారి పార్టీ చేసుకున్న బంగళా ఒకటుంది, వైట్‌ఫీల్డ్ దాటాక చెరువు గట్టు మీద. ఎవరో దొర కట్టించుకున్నదట, వందేళ్ళు దాటింది. కింది అంతస్తును రెస్టారెంటు చేశారు. ఆదివారం పీజీలో చికెన్ వండాలి కాబట్టి అక్కకు సెలవు దొరకదు. శనివారం మధ్యాహ్నమైతే వంట పదకొండుకే ముగించి రావచ్చు. ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసి, వరండాలో చెరువు వైపు బల్ల కావాలని చెప్పి ముగ్గురికి బుక్ చేశాను. సూపుతో మొదలై పుడ్డింగుతో ముగిసే భోజనం మనిషికి నాలుగు వందల డెబ్భై ఐదు. ఆ నెలకి కొత్త చెప్పులు మానుకున్నాం, అంతే.

శనివారం పదకొండున్నరకు మారతహళ్ళి బ్రిడ్జి దగ్గర వైట్‌ఫీల్డ్ బస్సెక్కాం. అక్క తలంటుకుని, పెళ్ళినాటి మామిడిపిందెల అంచు పట్టుచీర కట్టుకుని వచ్చింది. ఆ చీరలో ఆమెను చూసి సుజాత ఈల వేసింది. బ్రూక్‌ఫీల్డ్ దగ్గర రోడ్డు తవ్వేసి ఉండటంతో ఇరవై నిమిషాల దారి ముప్పావుగంట అయింది. మీరు వెళ్తే ఆ తేడా లెక్కలో వేసుకోండి. హోప్‌ఫారం దగ్గర దిగి ఆటో మాట్లాడుకున్నాం. డ్రైవరు అరవై అన్నాడు. అక్క కన్నడంలో రెండు మాటలు అనగానే నలభైకి దిగాడు. నాకైతే ఆ రెండు మాటలేమిటో ఇప్పటికీ అర్థం కాలేదు.

బంగళా చూడగానే ముగ్గురం గేటు దగ్గరే ఆగిపోయాం. కిటికీలకు పైన చెక్కతో చేసిన ముక్కోణపు చూర్లు, ఎర్రగా మెరిసే వరండా గచ్చు, మెట్ల పక్కన విరగకాసిన పనస. వరండా చివరి బల్ల దగ్గర కూర్చుంటే కాళ్ళ కిందనుంచే చెరువు మొదలైనట్టుంటుంది. నీటి మీద కొంగలు, అవతలి గట్టున కడుతున్న అపార్టుమెంట్లు, వాటి వెనకాల వాన మబ్బు. అక్క చాలాసేపు చెరువునే చూసింది. "మా పక్క ఇన్ని నీళ్ళు ఉండింటే నేను బెంగుళూరికి వచ్చేదాన్నే కాదు పాపా," అంది.

సూపు వచ్చింది. అక్క ముట్టుకోలేదు. వెన్న రాసిన రొట్టె వచ్చింది. మా ఇద్దరి పళ్ళేల్లోకి జరిపింది. మాకేదో కావాలనిపించినప్పుడల్లా లేచి వడ్డించబోయింది. సిగ్గుపడుతోందని మేం బతిమాలాం, ఫోర్కు పక్కన పడేసి చేత్తో తినమన్నాం. "నీళ్ళు చాలు పాపా, మీరు తినండి, నేను చూస్తాంటాను," అంది. వడ్డించే ఆయన, యాభై ఏళ్ళ మనిషి, కంగారుపడి రుచి బాలేదా అని కన్నడంలో అడిగాడు. అప్పుడు తప్పక నోరు విప్పింది.

"ఈపొద్దు శనివారం గదా. నాది ఒక్కపొద్దు. తినేది ఒక్క పూటే, అదీ పూజయినాక, ఉల్లిగడ్డ, తెల్లగడ్డ లేకుండా, మడిగా వండుకున్నదే. ఎంకటేస్పర సామికి మొక్కుకొని పన్నెండేండ్లాయె."

నాకు తల కొట్టేసినట్టయింది. శనివారాలు ఉపవాసం ఉండేవాళ్ళు మా చుట్టాల్లోనే బోలెడుమంది. అయినా పిలవబోయే మనిషిని ఒక్క ముక్క అడగాలని తోచలేదు. "ముందే చెప్పొచ్చు కదక్కా!" అని అరిచినంత పని చేశాను. "అంత ప్రేమగా పిలిస్తే రానని యెట్ల చెప్పేది? నాకు చెరువు చూపించినారు, చాలు," అంది. ఆ చాలు అన్న మాట నాకు చాల్లేదు. ఏడుపొచ్చింది.

వడ్డించే ఆయన లోపలికి వెళ్ళి, తెల్ల కోటు వేసుకున్న పెద్దాయనను వెంటబెట్టుకొచ్చాడు. ఆయనే అక్కడి వంటాయన. పేరు మునిరత్నం. మూడు తరాలుగా బెంగళూరులో ఉన్న తెలుగువాళ్ళు. అక్కను చూసి చేతులు జోడించాడు.

"తల్లీ, నాదీ శనివారం ఒక్కపొద్దే. వెనక పెరట్లో నా స్టవ్వు వేరే ఉండాది, గిన్నెలు వేరే ఉండాయి. పూజ చేసుకొని పొద్దున్నే అన్నం, పప్పు, బీరకాయ కూర చేసి పెట్టుకున్నాను. నువ్వు కూచో, నేను వడ్డిస్తాను."

"మీ ఒక్క పూట కూడు నేనెట్ల తినేదన్నా?"

"ఇద్దరికి సరిపోతాది. ఒక్కపొద్దు మనిషికి పెడితే పుణ్యం నాకే కదమ్మా." వడ్డించే ఆయన వైపు తిరిగి, "ఏమప్పా, తోటలో ఒక అరిటాకు కోసుకొని రా," అన్నాడు.

పింగాణీ పళ్ళేలు, వెండి ఫోర్కులు పక్కకు జరిపి తెల్లగుడ్డ మీద అరిటాకు పరిచారు. పక్క బల్ల వాళ్ళు గుడ్లప్పగించి చూశారు. చూడనీ అనుకున్నాను. మునిరత్నం గారు వంగి వంగి వడ్డిస్తూ కబుర్లు చెప్పారు. శనివారం ఆయన ఏదీ రుచి చూడరట. రోస్టు చికెనైనా సరే వాసన పట్టి వండేస్తారు, ఉప్పూకారం సంగతి వడ్డించే ఆయన చూసి చెప్తాడు. "నీకు చూసేదానికి ఎవరుండారు తల్లీ?" అని అడిగారు.

"ఎవురూ లేరన్నా. చేతి అంచనాతోనే వేస్తాను."

సుజాతా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. మా పీజీలో శనివారం సాంబారుకు మేం పెట్టిన పేరు సముద్రం. మూడేళ్ళుగా ప్రతి శనివారం పది గంటలకు నిద్ర లేచి, "అక్కా, ఈవేళ ఉప్పు కుమ్మరించావా?" అని ఆమె వంటకు వంక పెట్టినవాళ్ళం మేమే. ఆకలి కడుపుతో, రుచి చూడకుండా ముప్పైమందికి వండుతోందని మాకేం తెలుసు? తెలుసుకోలేదు, అంతే.

అక్క మాత్రం ఆకులోంచి తలెత్తకుండా తింది. పప్పన్నం రెండుసార్లు వేయించుకుంది. వడ్డించడానికి ఒకసారి లేవబోతే మునిరత్నం గారు "కూచోమ్మా" అని గదిమారు. కూర్చుంది. పెరుగన్నం దగ్గరకొచ్చేసరికి ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. "ఉప్పు సరిపోయిందా తల్లీ? నేనింకా తినలేదు, నాకు తెలీదు," అని ఆయన అడిగితే, "సరిగ్గా ఉండాదన్నా, అమ్మ చేసినట్టే," అంది.

నాలుగు గంటల బస్సులో కిటికీ పక్కన కూర్చుని అక్క గుసగుసగా అంది. "పప్పులో ఉప్పే లేదు పాపా. పాపం, యేసేది మర్చిపోయినట్టుండాడు."

"మరి చెప్పలేదేం?"

"తన కూడు మనకు పెట్టినాడు. ఆయప్ప మనసు నొప్పించి యేం లాభం?"

సముద్రం సాంబారు గుర్తొచ్చి ఇద్దరం తలలు దించుకున్నాం. అక్క నా చెయ్యి పట్టుకుని నవ్వింది. "మీరు చెప్పొచ్చులే. మీరు నా బిడ్డలు."

ఆ బంగళాలో వంట గొప్పదే. రోస్టు చికెన్, కాల్చిన చక్కెర పుడ్డింగు మళ్ళీ మళ్ళీ తినాలనిపిస్తాయి. చెరువు మీద మధ్యాహ్నపు వెలుగు కోసమైనా ఒకసారి వెళ్ళిరండి. నాకు గుర్తుండేది మాత్రం అక్క మోచేతి దాకా తిని, ఆకు మడిచి, తృప్తిగా కూర్చున్న ఆ ఐదు నిమిషాలే. దానికోసం ఏ ఊరికైనా ఎన్ని బస్సులైనా మారతాను. పనికొచ్చే ముక్క ఒకటే చెప్తాను. వరండా బల్ల కోసం రెండ్రోజుల ముందు ఫోన్ చేయండి. దానికన్నా ముందు, మీరు తీసుకెళ్ళే మనిషిని ఏ రోజు తింటారో, ఏం తింటారో అడగండి. మూడేళ్ళు ఆమె చేతి అన్నం తిని కూడా నేను అడగలేదు.