పనసపుట్టు దూడలు

డుంబ్రిగుడ దగ్గర తారురోడ్డు దిగి మట్టిరోడ్డున కొండెక్కితే రెండు గంటల నడకలో పనసపుట్టు వస్తుంది. ముప్పై రెండు గడపల ఊరు. మొన్నమొన్నటి దాకా ఆ ఊళ్లో ఆవు పాలు పితికినవాళ్లు లేరు. ఆవులు పేడకి, ఎద్దులు దుక్కికి. పాలు దూడవి. కృపావతి కోడలిగా వచ్చిన కొత్తలో ఒకరోజు చెంబు పట్టుకుని ఆవు దగ్గరికి వెళ్లింది. హాస్టల్లో పదో తరగతి దాకా చదివిన పిల్ల, పాలు కలిపిన టీకి అలవాటుపడింది. అత్త బుద్రి వచ్చి చేతిలో చెంబు లాక్కుంది.

"దాని బిడ్డ నోటికాడది తీత్తావేటే?" అంది.

పన్నెండేళ్ల తర్వాత ఆ ఊరికి పాడి ఆవులను తెచ్చింది కృపావతే. తనతో కలిపి ఏడుగురు ఆడవాళ్లను సంఘంగా కూడగట్టింది. కింద పట్నంలో పది రోజులు శిక్షణకు వెళ్లి పశుమిత్రగా తిరిగొచ్చింది. కడుపులో పురుగులకు మందు తాగించడం, జ్వరం చూడడం, పొదుగు కడగడం నేర్చుకుంది. భుజానికి నీలం సంచీ తగిలించుకుని ఇంటింటికీ తిరిగేది. ఊళ్లో సగం వేళాకోళంగా, సగం గౌరవంగా డాక్టరమ్మ అనేవారు. ఆ పిలుపు ఆమెకు ఇష్టమే.

జూన్‌లో లారీ మీద ఏడు జెర్సీ ఆవులు వచ్చాయి, అన్నీ చూడివే. ఊరి దిగువన రేకులు వేసి ఒకే సాల కట్టారు. మట్టి నేల. ఆవులన్నీ ఒక్కచోట ఉంటే తనకు చూసుకోవడం సులువని చెప్పింది కూడా కృపావతే.

మొదట ఈనే ఆవు ఆమె తోటికోడలు సరళది. రోజులు దగ్గరపడ్డాయనగా ఊరి పాలు తీసుకెళ్లబోయే ఆటో తాతారావు వచ్చి ఆవును చూశాడు. మైదానం మనిషి, చిన్నప్పటినుంచీ గేదెల మధ్య పెరిగినవాడు.

"జున్నుపాలు దూడకి పట్టించకండమ్మా. వేడి సేత్తాది. పారుడొచ్చి సచ్చిపోద్ది. రెండ్రోజులు పిండీసి, మూడోనాడు ఇడిసిపెట్టండి. మాకాడ అందరం అలాగే సేత్తాం" అన్నాడు.

శిక్షణలో తొలిపాల గురించి ఏదో చెప్పారని కృపావతికి గుర్తుంది. ఆరో రోజు మధ్యాహ్నం, గోడ మీద బొమ్మలు చూపిస్తూ ఇంగ్లీషులో చెప్పారు. ఎక్కువ తాగితే అరగదన్న ఒక్క మాట ఆమెకు మిగిలింది. తాతారావు చెప్పింది దానికి సరిపోయినట్టే అనిపించింది.

మరో మూడు రోజులకు, పొద్దున్నే, సరళ ఆవు ఈనింది. నుదుట తెల్లమచ్చ ఉన్న ఎర్రటి పెయ్య. అరగంటలో లేచి నిలబడి, తూలుతూ పొదుగు వెతుక్కుంది. సరళ దాన్ని తల్లి దగ్గరికి జరపబోతుంటే కృపావతి పట్టి వెనక్కి లాగింది.

"రెండ్రోజులాగక్కా. మూతికి చిక్కం కట్టీ. గంజి పడదాం."

సాల గుంజకి ఆనుకుని కూర్చున్న బుద్రి అది చూసింది.

"కన్నతల్లికాడ పాలుండగా గంజేటే?"

"నీకు తెలీదత్తా. ఇవి మన కొండావులు కావు."

ముసలమ్మ లేచి వెళ్లిపోయింది.

మూడోనాడు పెయ్య తెల్లగా, నీళ్లలా పారింది. ఆ కంపు సాల బయటికి కూడా వచ్చింది. నాలుగోనాటికి కాళ్లు చల్లబడ్డాయి, కళ్లు గుంటలు పడ్డాయి. కృపావతి దాని మెడ దగ్గర చర్మం పట్టి వదిలితే అది ముడతగానే నిలిచిపోయింది. పాలు పడకుండానే పారుడెలా వచ్చిందో ఆమెకు అంతుపట్టలేదు. అందరి ఎదుటా సరళను అడిగింది.

"నాకు తెలీకుండా దొంగతనంగా పాలు పట్టించినావేటి?"

సరళ ఆమె ముఖంలోకి చూసింది. "నేదు. నువ్వు సెప్పినట్టే సేసినాను."

కృపావతి నమ్మలేదు. నమ్మలేదని ముఖం మీదే తెలిసింది. ఐదోనాటి మధ్యాహ్నం, సరళ ఒడిలో తల పెట్టుకుని పెయ్య చచ్చిపోయింది.

ఆ వారంలోనే మరో నాలుగు ఆవులు ఈనాయి. అన్నింటికీ చిక్కం, అన్నింటికీ గంజి, అన్నింటికీ అదే బకెట్. విడవకుండా వాన పడుతోంది. ఒక దూడ పారినది ఇంకో దూడ కాళ్ల కిందికి వస్తోంది. రెండోది పోయింది. మూడోది కృపావతి సొంత ఆవు దూడ. దానికి రెండు పూటలూ మందు పట్టించింది, గోనెపట్టా కప్పింది, కుంపటి పెట్టింది. అదీ పోయింది. ఆమె భర్త ఫల్గుణ కాఫీ తోట పని మానుకుని వానలో గోతులు తవ్వాడు. మూడో గొయ్యి తవ్వేటప్పుడు, "ఇంకెన్నే?" అని అడిగాడు.

సిగ్నల్ కోసం గట్టెక్కి కృపావతి పశువుల డాక్టరుకు ఫోన్ చేసింది. డాక్టర్ బిందుమాధవికి మూడు మండలాల బాధ్యత. పైగా కల్వర్టు కొట్టుకుపోయింది. నాలుగోనాడు ఆమె జీపు కిందే వదిలేసి, మందుల పెట్టె మోసుకుంటూ నడిచి వచ్చింది. అప్పటికి నాలుగోది పోయింది. ఐదోది నేల కరుచుకుని ఉంది.

డాక్టరు దూడ పక్కన మోకాళ్ల మీద కూర్చుని అడిగిన మొదటి ప్రశ్న ఇది: "పుట్టిన రోజు ఏం తాగింది?"

"గంజి మేడమ్."

"జున్నుపాలు?"

"రెండ్రోజులు ఆపినాం."

 సెలైన్ సూది ఎక్కించాక డాక్టరు నెమ్మదిగా చెప్పింది. దూడ పుట్టేటప్పుడు రోగాన్ని ఆపే శక్తి ఒంట్లో ఉండదు. తల్లి అది తొలిపాలలో ఇస్తుంది. మొదటి గంటల్లో తాగితేనే పేగు దాన్ని లోపలికి తీసుకుంటుంది. ఒక రోజు దాటితే తీసుకోదు. అది అందని దూడ, ఇలాంటి తడి సాలలో, పేడలో ఉండే సూక్ష్మజీవి కడుపులోకి పోతే తట్టుకోలేదు.

"ఎవరు ఆపమన్నారు?"

"నేనే మేడమ్" అంది కృపావతి. తాతారావు పేరు చెప్పలేదు.

ఉప్పు, పంచదార, తినే సోడా కలిపిన కాచిన నీళ్లు గంట గంటకీ పట్టించమని చెప్పి, దూడల్ని వేరు చేయమని, ఏడుగురూ ఎవరి ఆవును వాళ్లింటికి తోలుకుపొమ్మని చెప్పి డాక్టరు దిగిపోయింది. ఐదోది మర్నాడు పొద్దున పోయింది.

ఆ ఉదయమే కృపావతి మిగతా ఆరిళ్లకూ వెళ్లింది. ప్రతి గడప ముందూ నిలబడి ఒకటే చెప్పింది. దూడలు మీరనుకుంటున్నట్టు దేవత కోపానికి పోలేదు, నా మాట వల్ల పోయాయి. కొందరు తలుపు వేసుకున్నారు. ఒకామె అరిచింది. చివరికి సరళ ఇంటికి వచ్చింది.

సరళ జొన్నలు చెరుగుతోంది. చేట ఆపలేదు.

"దూడ పోతే పోనాది" అంది. "అందరికాడా నన్ను దొంగన్నావు."

"తప్పయిపోనాదక్కా."

"ఎల్లు."

ఆరో ఆవు డాక్టరు వచ్చి వెళ్లిన వారానికి, ఏడోది ఆ వెంటనే ఈనాయి. ఆ రెండు దూడలూ మాయ పడకముందే తాగాయి. ఒకదానికి తర్వాత కొంచెం పారినా తట్టుకుంది. కానీ దసరా నాటికి నాలుగిళ్లవాళ్లు ఆవుల్ని సంతలో అమ్మేశారు. సాల రేకులు విప్పి ఇళ్ల మీద వేసుకున్నారు.

తాతారావుకు సంగతి చెప్పినప్పుడు అతను పాల క్యాను మీద కూలబడ్డాడు.

"మా అయ్య సెప్పీవోడమ్మా అలాగ. మాకాడా ఏటేటా సచ్చీవి. దూడలన్నాక సత్తాయి గావాల అనుకున్నాం" అన్నాడు.

కృపావతి సంచీ వదల్లేదు. వదిలేస్తుందనే ఊరివాళ్లు అనుకున్నారు. ఇప్పుడు చుట్టుపక్కల తొమ్మిది ఊళ్లకు తిరుగుతుంది, ఆవు ఈనే రోజుకు ముందే వెళ్లి కూర్చుంటుంది. కొత్త ఊళ్లో ఆడవాళ్లను కూర్చోబెట్టినప్పుడు, తను చేసిన తప్పే ముందు చెబుతుంది. విన్నవాళ్లలో కొందరు ఆమెను మళ్లీ పిలవరు. పిలిచినచోట కూడా దూడలు అప్పుడప్పుడు పోతూనే ఉంటాయి, తక్కువగా.

సరళ తన ఆవును అమ్మలేదు. రెండేళ్లయినా కృపావతితో మాట్లాడదు. రెండిళ్లకూ మధ్య వెదురు దడి ఒక్కటే అడ్డు. కావలసిన మాట ఏదైనా బుద్రి చేత చెప్పిస్తుంది. ఈ ఆగస్టులో ఆ ఆవు మళ్లీ ఈనింది. సరళ కబురు పెట్టలేదు. కృపావతి దడి ఇవతల వాకిలి ఊడుస్తూ, ఊడ్చిన చోటే ఊడుస్తూ ఉండిపోయింది. చాలాసేపటికి బుద్రి అటునుంచి వచ్చి అరుగు మీద కూర్చుంది.

"తాగిందా అత్తా?"

"తాగింది" అంది బుద్రి. "సరళే నన్ను సూడమంది. సూసినాను."