రౌటర్ ఒక అంగట్లో, అడాప్టర్ ఎదురంగట్లో

అనంతపురంలో ఎదురెదురు అంగళ్ల వాళ్లిద్దరినీ ఒకే పూటలో ఏమార్చి వచ్చినదాన్ని నేను. ఒకతనికి నా ఇంట్లో లాప్‌టాప్ ఉందన్న సంగతే తెలియనివ్వలేదు. రెండో అతనికి అప్పుడే నేను రౌటర్ కొన్నానన్న అనుమానం కూడా రానివ్వలేదు. రౌటర్ డబ్బాను సంచి అడుగున పెట్టి, పైన తువ్వాలు కప్పి మరీ రోడ్డు దాటాను.

మా నాయనది ధర్మవరంలో చీరల అంగడి. “అవసరం బయటపెట్టినావంటే ధర వాళ్లు చెప్తారు, నువ్వు ఇస్తావు, అంతే” అనేవాడు. పెళ్లి ఏ రోజో నోరు జారి చెప్పినవాళ్లకు నాయన ధర పైకి జరపడం పక్కన కూర్చుని చూసినదాన్ని. అందుకే ఏ అంగట్లోనూ నిజం చెప్పను. వంకాయలు కొన్నా ఇంటికి చుట్టాలొచ్చారని చెప్పను.

ఇప్పుడు నాకు అంగడి లేదు. ధర్మవరంలోనే మా ఇంటి ముందుగదిలో మంచం మీద చీరలు పరిచి, లాప్‌టాప్‌లో వీడియో కాల్ పెట్టి బయటి ఊళ్లవాళ్లకు చూపిస్తాను. అమ్ముడైతే చీరకు ఐదు వందలు నాకు. ఫోన్‌లో చూపిద్దామంటే అది ప్రతి ఎరుపునూ నారింజ చేస్తుంది. లాప్‌టాప్‌లో రంగులు సరిగానే కనిపిస్తాయి గానీ బొమ్మ ముక్కలైపోతుంది. “అది చీర అంచా, మొజాయిక్ బండలా?” అని అడిగిందొకామె.

మా వెనక వీధిలో మగ్గం నేసే అన్న ఏడు పట్టుచీరలు అమ్మిపెట్టమని నాకిచ్చాడు. అవి అమ్ముడుపోతే తప్ప మళ్లీ పట్టు నూలు కొనలేడు. హోసూరు పెళ్లివారు గురువారం పదకొండు గంటలకు చూస్తామన్నారు, ఏడు కావాలన్నారు. ఇంట్లో రౌటరూ పాతదే, లాప్‌టాప్‌లోని వైఫై కూడా పాతదే. అందుకే ఈ కొనుగోలు.

“ఏం లాప్‌టాపక్కా మీది?” అని మొదటి అంగడతను అడిగాడు.

“లాప్‌టాప్ లేదప్పా. ఊరికే, ఇంట్లో ఒకటి పడుండనీ అని.”

“రౌటరేమన్నా దిష్టిబొమ్మనా అక్కా, ఊరికే తగిలించుకునేకి?”

రెండు వేల రెండు వందలన్నది పదిహేడు వందల యాభైకి తెంచాను. రోడ్డు దాటాను. లాప్‌టాప్‌కు తగిలించే వైఫై అడాప్టర్ కావాలన్నాను.

“ఏ రౌటరుకక్కా?”

“ఏదో ఒకటి లే. చవకది ఇయ్యి.”

“రౌటరు తెలీకుండా ఎట్లియ్యాల?”

“అంగడి పెట్టినోనివి, నీకే తెలీకపోతే నాకెట్ల తెలుస్తాది?”

ఏడు వందలది నాలుగు వందలకు వచ్చింది. బస్సులో కిటికీ పక్క సీటు కూడా దొరికింది.

ఇంట్లో అన్నీ తగిలించాక నా తెలివి ఆగిపోయింది. ఫోన్‌లో నా రౌటర్ రెండు పేర్లతో కనిపిస్తోంది. ఒకదాని చివర ఐదు అనే అంకె ఉంది. లాప్‌టాప్‌లో మాత్రం ఒకటే పేరు, ఐదు లేనిది. ఆ ఐదంకెది ఎవరో పక్కింటివాళ్లు నా పేరు పెట్టుకున్నారనుకుని పాస్‌వర్డ్ మార్చాను. ఫోన్‌లో రెండూ తెగిపోయాయి. అంటే రెండూ నావే. నావే అయితే నా లాప్‌టాప్‌కు ఎందుకు కనిపించదు? రౌటర్ పక్కన పెట్టాను, రౌటర్ మీద పెట్టాను. మగ్గం అన్న గడపలో నిలబడి చూస్తున్నాడు.

“ఫోనుకు కనపడేది దీనికి యాల కనపడదక్కా?”

“దీనికి వయసైపోయింది లేన్నా,” అన్నాను. నాకు తోచిన శాస్త్రం అంతే.

గురువారం ఆ కనిపించే పేరుతోనే కాల్ పెట్టాను. రెండో చీర మడత విప్పేసరికి బొమ్మ బిగుసుకుపోయింది. తెరిచిన నా నోరు తెరిచినట్టే ఉందట.

“అమ్మా, మాట్లాడతాండారా, ఆవలిస్తాండారా?” అని పెళ్లికూతురి తల్లి నవ్వింది. తర్వాత నవ్వలేదు. “శనివారం చూద్దాం లెండి. అంతలోపల ఈడ అంగళ్లలో గూడా చూస్తాం,” అంది.

అన్న చీరలు తనే మడతపెట్టాడు. “శనివారమైనా అవుతాదా అక్కా? మగ్గం ఖాళీగా ఉండాది.”

శుక్రవారం పొద్దున్నే లాప్‌టాప్, రౌటర్, అడాప్టర్ మూడూ తీసుకెళ్లి మొదటి అంగడి బల్ల మీద పెట్టాను.

“లాప్‌టాప్ లేదంటిరే?”

“ఆ పొద్దు లేదు.”

“మూడు దినాల్లో పుట్టి ఇంత ముసిలిదైపోయిందా అక్కా!” అని అడాప్టర్ తీసి అటూ ఇటూ తిప్పాడు. “మీ రౌటరు రెండు దార్లలో పంపిస్తాది. పాత దారిలో వీధి వీధంతా నడుస్తాది, ఇరుకు. చివర ఐదుండే పేరు కొత్త దారి, అది ఖాళీ. ఈ అడాప్టరుకు పాత దారొకటే తెలుసు. యాడ కొన్నారు?”

నేను పైనున్న ఫ్యాన్ వైపు చూశాను.

“ఎదురంగడే కదక్కా? వాడు మా తమ్ముడు. ఆ పొద్దు బువ్వ తింటా మీ గురించే మాట్లాడుకున్న్యాము, ఏం కావల్లో చెప్పని అక్కొకామె ఇద్దరి దగ్గరికీ వచ్చినాదని. ముందే చెప్పింటే రౌటరు, దానికి సరిపోయే అడాప్టరు కలిపి రెండు వేల ఆరు వందలకు ఇచ్చింటా.”

అప్పుడు చెప్పాను. రేపు పదకొండుకు ఏడు చీరలు చూపించాలని, మగ్గం ఖాళీగా ఉందని, అంతా. చెబుతుంటే ఒంటి మీద బట్ట లేనట్టు అనిపించింది. అతను కొత్త అడాప్టర్ తీశాడు. పదకొండు వందలన్నాడు. ఇచ్చేశాను. విప్పిన పాతదాన్ని తమ్ముడు వెనక్కి తీసుకోనన్నాడు. అతని తప్పేమీ లేదు.

దారులు రెండైతే రౌటర్‌కు వచ్చే తీగ ఒకటే ఎందుకుందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. శనివారం మాత్రం జరీ పోగు పోగూ కనిపించిందన్నారు. కానీ అప్పటికే హోసూరులో రెండు చీరలు కొనేశారు. ఐదే తీసుకున్నారు. అన్న నూలు కొన్నాడు, అనుకున్నంత కాదు.

ఇక లెక్క. రౌటర్ పదిహేడు వందల యాభై. మొదటి అడాప్టర్ నాలుగు వందలు, రెండోది పదకొండు వందలు. రెండుసార్లు బస్సు, ఆటో కలిపి నాలుగు వందలు. మొత్తం మూడు వేల ఆరు వందల యాభై. నిజం చెప్పి ఉంటే ఒకే ప్రయాణంతో రెండు వేల ఎనిమిది వందల్లో తేలేది. బేరమాడి మిగిల్చానని వీధంతా చెప్పుకున్నది ఏడు వందల యాభై. ఆ బేరానికి అదనంగా పెట్టింది ఎనిమిది వందల యాభై. అమ్ముడుపోని రెండు చీరల మీద నాకు రానిది వెయ్యి. నా నష్టం పద్దెనిమిది వందల యాభై. ఆ రెండు చీరల మీద అన్నకు రావలసింది ఇందులో కలపలేదు. అది నా నష్టం కాదు, నేను చేసిన నష్టం.