వేసవిలో పచ్చగా కనిపించిన చోటు

ఒకే ఒక్క పొద్దున్న ఒక ఊరు ఊరంతా నన్ను చూసి నవ్వింది. మీరూ నవ్వుకోండి, నాకిప్పుడు సిగ్గు పోయింది.

అప్పట్లో సీతమ్మధారలో, ఊళ్ళకి బోర్లు ఎక్కడ వెయ్యాలో చెప్పే చిన్న ఆఫీసులో కొత్తగా చేరాను. నాతోపాటే చేరిన ఫిలిప్‌ది ఉక్కునగరం. వాడి మ్యాపులు చూసి మా మేడమ్ "శభాష్ ఫిలిప్" అన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోయేది. వాడి టీలో ఉప్పు కలుపుదామని కూడా అనుకున్నాను, మీ దగ్గర దాపరికం ఎందుకు!

భీమిలి అవతల ఓ ఊరికి బోరు వెయ్యాలి. బోరు బండి ఒక్కరోజే వస్తుంది. అక్కడి నూతుల్లో నీటిమట్టం ఎవరూ ఎప్పుడూ కొలిచి రాసింది లేదు, శాటిలైట్ ఫొటోలే దిక్కు. మండు వేసవి ఫొటోలో చుట్టూ ఎండిన నేల, మధ్యలో ఒక్క ముక్క పచ్చగా మెరిసిపోతోంది. అంటే కింద నీళ్ళున్నట్టే కదా!

ఫిలిప్ నా వెనకనుంచి తొంగిచూశాడు.

"బావా, ఇదొక్కటే సాలదు. ఇన్‌ఫ్రారెడ్ ఫొటో కూడా సూడు. బతికున్న ఆకయితే అందులో మెరుస్తాది."

"నాకు సెప్పొచ్చినావేటి? నీ పని నువ్వు సూసుకో!"

మర్నాడు వాడికంటే ముందు బస్సెక్కి ఊళ్ళో దిగిపోయాను. సర్పంచ్ అప్పలనరసమ్మగారు, ఖాళీ బిందెలతో ఆడవాళ్ళు ఎదురుచూస్తున్నారు. ఫోన్ చూసుకుంటూ నేను ముందు, నా వెనక ఊరు, ఊరి వెనక బోరు బండి.

"అటేటుంది బాబూ? అటు..." అంది సర్పంచమ్మ.

"మీరుండండమ్మా! శాటిలైట్ చెప్తోంది."

మలుపు తిరగ్గానే నా పచ్చిక కనిపించింది. "ఈ గడ్డి కింద ఎంత తడుందో చూడండి!" అంటూ గుప్పెడు పట్టి లాగాను. గడ్డంతా చాపలా లేచొచ్చింది. ప్లాస్టిక్! క్రికెట్ కోసం పరిచిన టర్ఫ్ అది.

"అదే సెప్పబోతంటే నోరు ముయ్యమన్నావు," అంది సర్పంచమ్మ. "అంత పైనుంచి సూసినోడివి, ఓపాలి కిందకొచ్చి తొక్కి సూడలేకపోనావా?"

బిందెలు కిందపెట్టి మరీ నవ్వారు. నవ్వులయ్యాక బోరు బండివాడు వాచీ చూసుకున్నాడు.

"సోటు సెప్తారా, నానెల్లిపోనా?"

ఆడవాళ్ళ ముఖాల్లో నవ్వు పోయింది. నేను ఫోన్‌లో అదే ఫొటోని మళ్ళీ పెద్దది చేసి చూస్తున్నాను. అప్పుడు దిగాడు ఫిలిప్, తర్వాతి బస్సులో. ఎండిన గెడ్డవాగు ఒడ్డున కొన్ని పొదలు ఇన్‌ఫ్రారెడ్‌లో మెరిశాయట, అక్కడ వెయ్యమన్నాడు. సాయంత్రానికి నీళ్ళు ఎగజిమ్మాయి.

సర్పంచమ్మ మొదటి గ్లాసు వాడికిచ్చింది. వాడు నాకందించాడు.

"ముందు మా బావ తాగాలమ్మా. ఈ మ్యాపు ఇద్దరం కలిసే గీసినాం."

నీళ్ళు తియ్యగా ఉన్నాయి. నాలుగు తిట్టినా పోయేది కదా, వెధవ, ఇంత మంచివాడెలా అయ్యాడని మళ్ళీ ఒళ్ళు మండింది.

అందుకే గంగమ్మ సాక్షిగా ఒట్టు వేస్తున్నాను: ఈ జన్మలో ఇంకెవరిని చూసీ కుళ్ళుకోను, ఫిలిప్‌ని తప్ప.