ప్రార్థన జాబితాలో రెండో అంశం

సౌదీలోని యాన్బులో నేనున్న ఫ్లాట్‌లో శుక్రవారం ఉదయం తొమ్మిదిన్నరకు తెలుగువాళ్ళ ప్రార్థన కూడిక జరిగేది. పదిమందికి మించి వచ్చేవాళ్ళు కాదు. కర్టెన్లు వేసుకుని, గొంతు తగ్గించి పాడుకునేవాళ్ళం. చప్పట్లకు బదులు అరచేతి మీద రెండు వేళ్ళతో తాళం వేసేవాళ్ళం. ముగిశాక ఇద్దరిద్దరుగా, పది నిమిషాల తేడాతో మెట్లు దిగేవాళ్ళం. ఆ కూడికకు పెద్దని నేను. ప్రార్థన అంశాల జాబితా నా డైరీలో ఉండేది.

ఆ జాబితాకు నేనే రెండు నియమాలు పెట్టాను. జవాబు రానిదే ఏ అంశమూ కొట్టేయకూడదు. కొత్త అంశం చేర్చాలంటే గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ ఆమేన్ అనాలి, ఒక్కరు అనకపోయినా రాయను. ఈ రెండో నియమానికి కారణం ఉంది. పూర్వం ఒకాయన తన గదిలో పక్క మంచం మనిషికి బదిలీ అయ్యేలా ప్రార్థించమని అడిగాడు. ఆ పక్క మంచం మనిషి అక్కడే కూర్చుని ఉన్నాడు.

జాబితాలో మొదటి అంశం ఇరవై ఏళ్ళకు పైగా మారలేదు. ఇజ్రాయేలు క్షేమం.

అది మొదట ఉండటం నాకు వింతగా ఎప్పుడూ తోచలేదు. సండే స్కూల్లో మా జిల్లా పటం కంటే ముందు ఆ దేశపు పటం నేర్చుకున్నవాణ్ణి. కృష్ణ ఎక్కడ పుడుతుందో తెలియని వయసులో యొర్దాను ఎక్కడ కలుస్తుందో చెప్పేవాణ్ణి. ఆ జనాన్ని దీవించేవాళ్ళను దేవుడు దీవిస్తాడని మా పాస్టరు అయ్యగారు చెప్పారు, మా నాన్న నమ్మాడు, నేనూ నమ్మాను. పెద్దయ్యాక నా రాజకీయం మొత్తం ఆ నమ్మకం మీదే నిలబడింది. డైరీ చివరి పేజీల్లో నాయకుల పట్టిక ఒకటి గీసుకునేవాణ్ణి. మన దేశం వాళ్ళు, అమెరికా వాళ్ళు, ఇంకెవరైనా సరే, అందరికీ ఒకటే ప్రశ్న: ఇతను ఇజ్రాయేలుకు మేలు చేశాడా? చేస్తే ప్లస్, లేకపోతే మైనస్. పెళ్ళి గురించి, చదువుల గురించి, చట్టాల గురించి ఆ నాయకుడేమన్నాడన్నది తర్వాతి మాట. ప్లస్ వచ్చినవాడు మిగతా విషయాల్లోనూ సరైనవాడే అయి ఉంటాడని అనుకునేవాణ్ణి.

మా ప్లాంటులో నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన ఫిట్టర్ ఒకతను ఉండేవాడు, హిందువు. గాజాలో యుద్ధం మొదలైన రోజుల్లో నా బల్ల దగ్గర నిలబడి నవ్వాడు. “మీకు దేవుడు చెప్పిండు సార్, మాకు వాట్సాప్ చెప్పింది. ఇద్దరం ఒక్క దిక్కే ఉన్నం చూడుండ్రి.” నేను నవ్వలేదు. నా నమ్మకం వేరు, అతని ఉత్సాహం వేరు అనుకున్నాను. కానీ ఆ మాట ఆ రోజు డైరీలో రాసి పెట్టుకున్నాను.

అది నా ఉద్యోగంలో ఆఖరి సంవత్సరం. మెయింటెనెన్స్ ప్లానింగ్ నా పని. ఏ పంపు ఎప్పుడు విప్పాలి, దానికి ఏ సామాను కావాలి అన్నది నేను రాస్తే, స్టోర్‌కీపర్ సామాను ఇచ్చేవాడు. అతను పాలస్తీనా మనిషి, పదిహేనేళ్ళుగా ఎరుగుదును. అరబిక్, ఇంగ్లీషు కలిపి మాట్లాడుకునేవాళ్ళం. మూడు సంతకాలు లేనిదే ఒక్క బోల్టు కూడా కిటికీ దాటనిచ్చేవాడు కాదు. అందుకే నాకు అతనంటే గౌరవం.

ఒక ఆదివారం ఉదయం నన్ను లోపలికి పిలిచి స్టూలు చూపించాడు.

“కూర్చో హజ్జీ.”

“నేను హజ్జీని కానని నీకు ఎన్నిసార్లు చెప్పాలి?”

“గడ్డం తెల్లబడ్డ ప్రతివాడూ హజ్జీయే. తేడా దేవుడు చూసుకుంటాడు.”

నవ్వబోయాను గానీ అతను నవ్వడం లేదు. గాజాలో అతనికి చెల్లెలు ఉంది. ఆమెకు ముగ్గురు పిల్లలు. పదహారు రోజులుగా ఫోన్ కలవడం లేదు. ఆఖరిసారి మాట్లాడినప్పుడు ఇల్లు వదిలి బయల్దేరుతున్నామని చెప్పిందట.

“నీ శుక్రవారం సంగతి నాకు తెలుసు. ఎవరితోనూ అనలేదు, అనను,” అన్నాడు. “మసీదులో నేను అడుగుతున్నాను. మీవాళ్ళు కూడా అడగండి. ఎక్కువ నోళ్ళు కావాలి.”

సరే అన్నాను. నా బల్ల దగ్గరికి వచ్చాక గానీ నేనేం ఒప్పుకున్నానో నాకు తెలియలేదు.

ఆ శుక్రవారం పాత అంశాలన్నీ అయ్యాక కొత్తది చదివాను. గాజాలో ఒక తల్లి, ముగ్గురు పిల్లలు, బతికి ఉండాలని, క్షేమంగా ఒక చోటికి చేరాలని. గదిలో ఆమేన్ వినపడింది, ఒక్క గొంతు తప్ప. మాకు బైబిల్ వాక్యం చెప్పే, మేమంతా తమ్ముడని పిలుచుకునే కుర్రాడిది ఆ గొంతు. గుంటూరు వైపు మనిషి, సేఫ్టీ ఇంజనీరు. చదువుకున్నవాడు, నిజాయితీ ఉన్నవాడు.

“సారీ అంకుల్. నేననలేను,” అన్నాడు.

“ఎందుకు బ్రదర్?”

“మన మొదటి అంశం ఏంటండీ? ఇప్పుడు దాని కింద ఇది రాస్తే మొదటిది సగం కొట్టేసినట్టే. దేవుడు మాటిచ్చిన జనం ప్రాణం కోసం పోరాడుతుంటే మనం రెండు పక్కలా నిలబడతామా?”

“నలుగురు బతకాలంటే పక్క మారినట్టా?”

“ఇవాళ నలుగురంటాం. రేపు యుద్ధం ఆపమంటాం. ఎల్లుండి ఆ దేశం చేసేదే తప్పంటాం. ఎక్కడ ఆగుతామండీ? ఇదంతా నాకు నేర్పింది మీరే కదా అంకుల్. ఇదే సోఫాలో కూర్చోబెట్టి!”

అది నిజం. డైరీ మూసేశాను. నియమం నియమమే కాబట్టి ఆ అంశం రాయలేదు. కానీ వదిలిపెట్టేది లేదని మాత్రం అప్పుడే తీర్మానించుకున్నాను.

ఆదివారం స్టోర్ కిటికీ దగ్గర స్టోర్‌కీపర్ అడిగాడు. “అడిగారా?”

“నేను అడిగాను. అందరూ ఒప్పుకోవాలి. ఇంకా కాలేదు.”

“ప్రార్థనకు కూడా సంతకాలా? మీరు నా స్టోర్ కంటే అధ్వాన్నం హజ్జీ.”

ఆ మాట అంటున్నప్పుడు అతని కళ్ళ కింద నలుపు చూశాను. ఇరవై మూడో రోజు అది.

ఆ వారం నా పాత డైరీలు బయటికి తీశాను. మొదటి అంశం మొదటి చోటికి ఎలా వచ్చిందో తమ్ముడికి ఆధారంతో చూపించి, ఆ పునాది గట్టిదేనని, దాని పక్కన ఇంకొకటి పెడితే కూలదని చెప్పాలనుకున్నాను. వెతకడానికి మూడు సాయంత్రాలు పట్టింది. దొరికినది నేననుకున్నది కాదు.

ఇరవై రెండేళ్ళ కిందట ఇజ్రాయేలు క్షేమం మా జాబితాలో తొమ్మిదో అంశం. ఒక వారంలో అది తొమ్మిది నుంచి ఒకటికి వచ్చింది. ఆ వారం మంగళవారం నాడు ఒక అరబ్ సూపర్‌వైజర్, నేను తెచ్చిన వర్క్ పర్మిట్‌లో ఒక గడి ఖాళీగా ఉందని, ఇరవైమంది ఎదుట కాగితాన్ని ఇసుకలోకి విసిరేసి నా చేత తీయించాడు. అదంతా రాసుకున్నాను. శుక్రవారం పేజీలో, అంశం పైకి జరిపిన చోట, నా చేతిరాతలోనే ఈ మాట ఉంది: వీళ్ళ మెడ ఎవరి చేత వంచుతాడో దేవుడు నాకు చూపించాడు. దానికి ఆధారంగా లేఖన భాగం రాసుకున్నది మాత్రం ఆ పై శుక్రవారం పేజీలో.

అంటే ముందు కోపం వచ్చింది, వాక్యం తర్వాత వెతుక్కున్నాను. ఆ సూపర్‌వైజర్ ఏ దేశం వాడో కూడా రాసుకోలేదు. నాకు ఆ రోజు అరబ్బులందరూ ఒకటే.

తర్వాతి శుక్రవారం ఆ డైరీ తీసుకుని కూర్చున్నాను. ఆ రోజు రాయచోటి వైపు నుంచి వచ్చిన సిస్టర్ కూడా ఉంది. ఒక సౌదీ ఇంట్లో పనిచేస్తుంది, నెలకు ఒక్క శుక్రవారం రానిస్తారు. జరిగిన సంగతి ఆమెకు చెప్పి, తర్వాత ఆ పేజీలన్నీ అందరికీ చదివి వినిపించాను. ఒక్క మాట కూడా వదల్లేదు.

తమ్ముడు నెమ్మదిగా అన్నాడు. “అంకుల్, మీ కోపం వేరు, వాక్యం వేరు. మీరు కోపంలో పట్టుకున్నంత మాత్రాన వాక్యం అబద్ధమైపోదు.”

“అవదు. నేనూ ఆ మాట అనడం లేదు. మొదటి అంశం అక్కడే ఉంటుంది, నేను నమ్ముతున్నాను కాబట్టి. కానీ దాన్ని అక్కడ పెట్టిన చెయ్యి నాది. అందులో దేవుడి మాట ఎంతో, నా పగ ఎంతో ఇన్నేళ్ళు చూసుకోలేదు. ఈ నలుగురి విషయంలో చూసుకోకుండా ఉండలేను. ఇవాళ మీరంతా జవాబు చెప్పేవరకు నేను ఆశీర్వాదం చెప్పను.”

ఆశీర్వాదం కాకుండా మా కూడికలో ఎవరూ లేవరు. అందరూ అలాగే కూర్చున్నారు. పది నిమిషాలు గడిచాక సిస్టర్ గోడ గడియారం వంక చూసింది.

“అయ్యగారూ, మసీదు నుంచి మా ఇంటోళ్ళు తిరిగొచ్చేలోగా నేను పోవల్ల,” అంది. తర్వాత తమ్ముడి వైపు తిరిగింది. “ఏం నాయనా, మా మేడం బిడ్డలకు రోజూ నేనే తినిపిస్తాండా. నోట్లో ముద్ద పెట్టేటప్పుడు మీరు ఏ దేవుని బిడ్డలని అడగతానా? ఆమేన్ అంటే నోరేమన్నా అరిగిపోతాదా?”

ఎవరో కిసుక్కున నవ్వారు. తమ్ముడు నవ్వలేదు.

“నోరు కాదు సిస్టర్, మనస్సాక్షి,” అన్నాడు. మళ్ళీ నా వైపు తిరిగాడు. “మీరేం రాస్తారో ఇంకోసారి చదవండి అంకుల్.”

చదివాను.

“ఇజ్రాయేలుకు వ్యతిరేకంగా ఒక్క మాట కూడా ఉండదు కదా?”

“ఉండదు. అనుకూలంగానూ ఉండదు. తల్లి, ముగ్గురు పిల్లలు, అంతే.”

“పిల్లల వయసులు?”

“పదకొండు, ఎనిమిది, మూడు.”

తమ్ముడి కూతురికి మూడేళ్ళని మా అందరికీ తెలుసు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. అతను కార్పెట్ వంక చూస్తూ ఏదో గొణిగాడు.

“వినపడలేదు బ్రదర్.”

“ఆమేన్ అన్నానండీ!” అన్నాడు చిరాగ్గా. తర్వాత వేలు చూపించి, “కానీ నా అభిప్రాయం మారలేదు. నా ఓటూ మారదు,” అన్నాడు.

“నాదీ మారిందని నేను చెప్పలేదు,” అన్నాను.

అంశం రాశాను. వరుస ప్రకారమైతే చివరన రావాలి. పెద్దగా నాకున్న అధికారంతో రెండో చోట రాశాను. ఆశీర్వాదం చెప్పాక సిస్టర్‌ను అందరికంటే ముందు పంపాం.

ఆదివారం స్టోర్‌కు వెళ్ళి చెప్పాను. “అందరూ ఒప్పుకున్నారు. రాశాను. రెండో అంశం.”

అతని ముఖం కొంచెం తేలికపడింది. “మొదటిదేంటి?”

అడుగుతాడని నేననుకోలేదు. మాట మార్చొచ్చు, జబ్బుపడ్డవాళ్ళ స్వస్థత అనొచ్చు. అతనికెలా తెలుస్తుంది? కానీ పదిహేనేళ్ళలో అతను నాకు ఒక్క తప్పుడు సంతకం కూడా చేయలేదు.

“ఇజ్రాయేలు క్షేమం,” అన్నాను.

చేతిలో ఉన్న స్లిప్పు బల్ల మీద పెట్టాడు. “ఒకే నోటితోనా?”

“ఒకే నోటితో.”

“దేవుడు ఏది ముందు వినాలి హజ్జీ?”

“నాకు తెలియదు. నీకు అబద్ధం మాత్రం చెప్పను.”

నా స్లిప్పు మీద ముద్ర వేసి కిటికీ కిందనుంచి తోశాడు. నా వెనకవాణ్ణి పిలిచాడు. ఆ తర్వాత తొమ్మిది రోజులు పని మాట తప్ప మరో మాట లేదు. హజ్జీ అని కూడా పిలవలేదు. నేను వివరణ ఇవ్వడానికి వెళ్ళలేదు, జాబితాలో మొదటి చోటా మార్చలేదు, రెండో చోటా మార్చలేదు. రోజూ ఉదయం ఐదింటికి లేచి రెండూ చదివాను. మొదటిది చదువుతున్నప్పుడు, ఆ క్షేమం రెండోదాన్ని తొక్కి రాకూడదని అడగడం మొదలుపెట్టాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అలా అడగలేదు.

పదో రోజు మధ్యాహ్నం, అన్నం వేళ దాటాక, అతనే నా బల్ల దగ్గరికి వచ్చాడు. డ్యూటీలో స్టోర్ వదిలి బయటికి రావడం నేను చూడటం అదే మొదటిసారి. చేతిలో ఫోన్. చెల్లెలి వాయిస్ మెసేజ్ వినిపించాడు. వెనక గాలికి గుడ్డ కొట్టుకుంటున్న చప్పుడు. నాకొచ్చిన అరబిక్‌తో ఇంతవరకు అర్థమైంది. నలుగురూ ఉన్నారు. దక్షిణాన గుడారంలో ఉన్నారు. చిన్నవాడికి ఆరు రోజులుగా జ్వరం తగ్గడం లేదు.

మెసేజ్ ముగిసింది. అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. బల్ల మీద డైరీ చూపించాడు.

“జ్వరం సంగతి రాయి. దీనికీ మీవాళ్ళందరి సంతకాలు కావాలా?”

“అక్కర్లేదు. ఇది పాత అంశమే.”

“మీ మొదటిది అలాగే ఉందా?”

“ఉంది.”

డైరీని నా వైపు జరిపాడు. “సరే, రాయి,” అన్నాడు.

రెండో అంశం కింద రాశాను. రాసింది అరబిక్‌లో చెప్పమన్నాడు. చెప్పాను: చిన్నవాడికి జ్వరం, ఆరో రోజు.

“ఆ మెసేజ్ వచ్చింది నిన్న,” అన్నాడు. “ఇవాళ్టికి ఏడు. దిద్దు హజ్జీ.”

దిద్దాను.